గోదావరి కలం, జాదవ్‌పూర్ సిరా

రాజమండ్రిలో చేసిన పెన్నులో కలకత్తా సిరా పోసి రాయాలన్న కోరిక ఎప్పటిదో గానీ, ఈ మాఘమాసంలో తీరింది. ఇంట్లో చెబితే నవ్వారు. "రెండూ ఆర్డరు పెడితే ఇంటికే వస్తాయి కదా నాన్నా, దానికోసం కలకత్తా దాకా వెళ్లాలా?" అంది మా అమ్మాయి. నిజమే, వస్తాయి. కానీ అట్టపెట్టెలో వచ్చిన పెన్ను ఎవరి చేతిలో తయారైందో తెలియదు. ఆ పనిచేసే చేతిని ఒకసారి చూడాలనిపించింది. ఇంకో కారణమూ ఉంది. ఆ పెన్నుకీ ఈ సిరాకీ మధ్య వెయ్యి కిలోమీటర్ల పైమాటే దూరం. అయినా రెండూ పుట్టింది ఒకే మనిషి కోరిక మీద. విదేశీ పెన్నూ వద్దు, విదేశీ సిరా వద్దు, మనమే చేసుకుందాం అని గాంధీజీ అడిగితే గోదావరి ఒడ్డున ఒకరు పెన్ను చేశారు, బెంగాల్లో ఇద్దరు అన్నదమ్ములు సిరా కాచారు. ఇన్నేళ్ల తర్వాత ఆ రెండూ ఒక చోట కలిస్తే ఎలా ఉంటుందో చూడాలని బయల్దేరాను.

తెల్లవారుతుండగా బండి కొవ్వూరు దాటి వంతెన ఎక్కింది. పెట్టెలో సగం మంది లేచి కిటికీల దగ్గరికి చేరారు. గోదావరి వస్తే మనవాళ్లు నిద్రలో కూడా లేస్తారు. ఎదురు బెర్తులో ముసలావిడ కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ల తీసి మనవడి చేతిలో పెట్టి, "అమ్మకి దణ్ణం పెట్టుకుని వెయ్యి" అంది. ఏసీ పెట్టెలో కిటికీ తెరుచుకోదని వాడికి తెలుసు, ఆవిడకి తెలియదు. వాడు తెలివైనవాడు, దణ్ణం పెట్టుకుని బిళ్ల జేబులో వేసుకున్నాడు. నది మీద మంచు ఇంకా విడలేదు. దాదాపు వందేళ్లు రైళ్లను మోసి 1997లో పని చాలించిన పాత హేవలాక్ వంతెన స్తంభాలు ఒకటొకటిగా మంచులోంచి పైకి వచ్చి మళ్లీ మునిగిపోతున్నాయి. లంకల్లో అప్పుడే ఎవరో నిప్పు రాజేశారు.

రాజమండ్రిలో దిగితే ముందు పెసరట్టు, ఆ తర్వాతే లోకం. అల్లప్పచ్చడి అడక్కుండానే రెండోసారి వేసి, "ఉప్మా లోపల పెట్టేమంటారా, పక్కన పెట్టేమంటారా అండి?" అని అడిగాడు కుర్రాడు. హైదరాబాదులో అలా అడిగేవాళ్లు తగ్గిపోయారు.

కోటగుమ్మం వీధి ఇరుకు. రత్నం పెన్నుల కొట్టు కూడా ఆడంబరంగా ఏమీ ఉండదు. తెలియనివాళ్లు చూడకుండా దాటిపోతారు. లోపలికి అడుగు పెట్టగానే, "రండి మాస్టారూ, కూర్చోండి. ఏ ఊరు మనది?" అన్నారు. ఊరు, పని, పిల్లలు అయ్యాక పెన్నుల సంగతి వచ్చింది. ధర మాట కన్నా ముందు ఒక తెల్లకాగితం, ఒక పెన్ను నా ముందు పెట్టి, "మీరు రోజూ రాసేటట్టే రెండు ముక్కలు రాయండి" అన్నారు. నేను రాస్తుంటే ఆయన చూసింది అక్షరాల్ని కాదు, నా వేళ్లని. పెన్ను ఎంత వాలుగా పడుతున్నాను, ఎంత నొక్కుతున్నాను, ఏ వైపుకి తిప్పుతున్నాను. ఆ తర్వాత, "తెలుగేనా ఎక్కువ రాసేది?" అని అడిగారు.

ఈ ప్రశ్నలో చాలా ఉంది. ఇంగ్లీషు రాసేవాడికి లావు పాళీ అందాన్నిస్తుంది. మనకి కుదరదు. మన అక్షరాలు చిన్న చిన్న సున్నాలు, వంపులు. లావు పాళీతో 'థ' రాస్తే లోపలి చుక్క నిండి నల్లటి బొట్టు మిగులుతుంది. 'క్ష్మ' లాంటి సంయుక్తాక్షరం కింద ఒత్తులకి చోటే చాలదు. పాళీ సన్నగా ఉండాలి. పైగా అన్ని దిక్కులా ఒకేలా జారాలి, ఎందుకంటే మనం ఎడమకీ కుడికీ, పైకీ కిందకీ గుండ్రంగా తిరుగుతూనే ఉంటాం. ఒక దిక్కున గీరుకునే పాళీతో ఇంగ్లీషు ఎలాగో నెట్టుకురావచ్చు, 'ఱ' మాత్రం రాయలేం. పాళీని పరీక్షించడానికి సున్నాలు, ఎనిమిది అంకెలు చుడతారు గానీ, నా మటుకు నాకు 'ఞ' రాస్తే చాలు, దాని గుట్టంతా బయటపడుతుంది.

పెన్ను చేసే చోట కాసేపు నిలబడనిచ్చారు. ముడిసరుకు ఎబొనైట్ కడ్డీ. రబ్బరులో గంధకం బాగా ఎక్కువ పాళ్లలో కలిపి వేడి చేస్తే గట్టిపడి ఇలా తయారవుతుంది. ఇది పంతొమ్మిదో శతాబ్దపు సరుకు. ప్లాస్టిక్ రాకముందు లోకంలోని మంచి పెన్నులు చాలావరకు దీనితోనే చేసేవారు. లేతు మీద కడ్డీ తిరుగుతుంటే ఉలి ఆనించగానే నల్లటి దారాలు చుట్టలు చుట్టలుగా రాలి పనివాడి పాదాల మీద పడుతున్నాయి. గంధకం వాసన. బయట పైపైన చెక్కడం తేలిగ్గానే కనిపించింది. అసలు పని మర తియ్యడంలో ఉంది. మూతకీ ఒంటికీ మరలు తీసి, ఊది, బిగించి చూసి, విప్పి, మళ్లీ ఒక వెంట్రుకవాసి తీసి, మళ్లీ బిగించి చూశాడు. మూడోసారికి మూత చివరి చుట్టు దగ్గర ఆగకుండా మెత్తగా కూర్చుంది. అతను తలెత్తలేదు, పక్కన ఉన్న తర్వాతి కడ్డీ అందుకున్నాడు.

కె.వి.రత్నం గారి కథ రాజమండ్రిలో అందరికీ తెలిసిందే. లోహం మీద చెక్కడం, ముద్రలు చెయ్యడం వచ్చిన ఆయన 1921లో గాంధీజీని కలిసి తన పనితనం చూపించారు. నలుగురికీ ఉపయోగపడేది ఏదైనా చెయ్యమన్నారట ఆయన. 1932కి పెన్ను తయారైంది. గాంధీజీకి పంపితే అందులో విదేశీ భాగాలున్నాయని ఒప్పుకోలేదు. అన్నీ ఇక్కడే చేసి, గాంధీజీ అనుచరుడు జె.సి.కుమారప్ప చేతి మీదుగా మళ్లీ పంపారు. అప్పుడు, 1935 జులైలో, బాగుందని మెచ్చుకుంటూ వార్ధా నుంచి ఉత్తరం వచ్చింది. చిత్రమేమిటంటే గాంధీజీకి అసలు ఫౌంటెన్ పెన్ను మీదే అంత ప్రీతి లేదు, ఆయన మమకారమంతా రెల్లు కలం మీద. తన చేతిరాత బాగుండదని ఆత్మకథలో చెప్పుకుని బాధపడ్డారు కూడా. అలాంటి మనిషి మెప్పు కోసం ఒక పనివాడు ఏళ్ల తరబడి పట్టుబట్టి కూర్చున్నాడు.

ఇప్పుడు జర్మనీ పాళీ బిగించిన పెన్నులు కూడా ఇస్తున్నారు. అడిగేవాళ్లు అదే అడుగుతున్నారు మరి. స్వదేశీ కోసం పుట్టిన పెన్నుకి విదేశీ పాళీ ఏమిటని ఎవరైనా ఎత్తిపొడవచ్చు. నేను ఎత్తిపొడవను. జర్మనీ పాళీ పెట్టె విప్పగానే మారుమాట్లాడకుండా రాస్తుంది, రాత మాత్రమే కావాల్సినవాడికి అదే మంచిది. నేను మాత్రం ఇక్కడి ఉక్కు పాళీనే ఎంచుకున్నాను. దానితో కొంచెం పని ఉంటుంది, నాకు ఆ పనే కావాలి.

ఆ పనేమిటో చెబుతాను. సిరా పెన్నులో సూత్రం ఒక్కటే: సిరా కిందికి దిగాలంటే గాలి పైకి ఎక్కాలి. పాళీ కింద నాలుకలా ఉండే భాగాన్ని ఫీడ్ అంటారు. దాని మీద వెంట్రుకల్లాంటి గాట్లుంటాయి. వాటిలోంచి సిరా పాళీ చీలికలోకి పాకుతుంది, పక్కనుంచి గాలి బుడగలు లోపలికి పోతాయి. 1884లో అమెరికాలో వాటర్‌మన్ పేటెంటు తీసుకున్నది ఈ గాట్ల ఏర్పాటు మీదే. పాళీకీ నాలుకకీ మధ్య సందు ఎక్కువైతే రాత మధ్యలో ఆగిపోతుంది. అప్పుడు చెయ్యాల్సింది తేలిక. రెండూ కలిపి బయటికి లాగి, నాలుక ఎబొనైట్‌దైతేనే సుమా, ఇప్పుడే మరిగి దింపిన నీళ్లలో కాసేపు ఉంచాలి. ఎబొనైట్ వేడికి కొంచెం మెత్తబడుతుంది. అప్పుడు గుడ్డతో పట్టుకుని పాళీ మీదికి బొటనవేలితో నొక్కి పట్టుకుంటే, చల్లారేసరికి పాళీ ఒంపుకి తగ్గట్టు ఒదిగిపోతుంది.

గదికి వచ్చి హోటలు కుర్రాణ్ణి మరిగిన నీళ్లు అడిగితే టీ పొడి కూడా తెచ్చాడు. గ్లాసులో పాళీ వేస్తుంటే వాడు తలుపు దగ్గరే నిలబడి చూశాడు. చల్లారాక భూతద్దం పెట్టి చూశాను. పాళీ కొన రెండు కొసల్లో ఎడమది ఇసుమంత పైకి ఉంది. గోటితో అదిమితే సరిపోయింది. సరిపోయిందని కంటికన్నా చెవికే ముందు తెలుస్తుంది. గీత గీస్తే వచ్చే సన్నటి గరగర ఆగిపోతుంది. పొట్టలో నేరుగా సిరా పోసుకునే పెన్ను ఇది. ఫిల్లర్‌తో పోస్తే రెండు మూడు మిల్లీలీటర్లు పడుతుంది, ఇప్పటి చిన్న కార్ట్రిడ్జికి మూడింతలు. ఆ రోజుకి మాత్రం మంచినీళ్లే పోసి కారడంలేదని చూసుకుని పెట్టాను. సిరా కలకత్తాలోనే పొయ్యాలని నియమం.

సాయంత్రం రోజ్‌మిల్క్ తాగి, గౌతమీ గ్రంథాలయం మీదుగా పుష్కరాలరేవుకి నడిచాను. 1898 నాటి గ్రంథాలయం అది. వీరేశలింగం గారు పత్రికలు నడిపిన ఊరు, నన్నయ కూర్చుని రాశాడని చెప్పుకునే ఊరు. ఇక్కడ పెన్నులు పుట్టడం వింతేమీ కాదు, పుట్టకపోతే వింత. రత్నం ఒక్కరే కాదు, గైడర్ పెన్నులవాళ్లదీ ఈ ఊరే. మన బళ్లోకి వచ్చిన పెన్నులు చాలావరకు ఇలాంటి చిన్న కొట్లలోంచి వచ్చినవే. తెనాలిలోనూ చేసేవారు. అవి ఎండాకాలం జేబులో కక్కేవి. చొక్కా జేబు కింద నీలం మరక లేనివాడు మా బళ్లో చదువుకోనివాడి కింద లెక్క. పక్కవాడి పెన్నులోంచి నాలుగు బొట్లు బల్ల మీద విదిలించుకుని, మన పాళీతో పీల్చుకునే విద్య ఇప్పటి పిల్లలకి రాదు. కాగితం మీద బొట్టు పడితే సుద్దముక్క దొర్లించేవాళ్లం. బాల్‌పెన్ను వచ్చి ఇదంతా తుడిచేసింది. దాన్ని తిట్టను. చవక, కారదు, పరీక్ష మధ్యలో ఆగదు, కింద కార్బన్ పెడితే నాలుగు కాపీలు వస్తాయి. తపాలా కార్యాలయంలో దారానికి కట్టి వేలాడదీసేది దాన్నే. పోటీలో అది న్యాయంగానే గెలిచింది. ఓడిపోయిన సిరా పెన్ను అవసరాల్లోంచి తప్పుకుని ఇష్టాల్లోకి వచ్చింది. ఇష్టాల్లో ఉన్నదానికి ఆయుర్దాయం ఎక్కువ.

విశాఖలో ఒక రాత్రి ఆగి, పొద్దున్నే హౌరా వెళ్లే బండి ఎక్కాను. పలాస దగ్గర జీడితోటలు, ఇచ్ఛాపురం దాటాక బోర్డుల మీద ఒడియా అక్షరాలు. అవీ గుండ్రమే, నెత్తిన గొడుగు పెట్టుకున్నట్టుంటాయి. ఆ తర్వాత చిలికా సరస్సు. ఒక పక్క తూర్పు కనుమలు పట్టాల మీదికి ఒరిగి వస్తాయి, రెండో పక్క నీళ్లు. చలికాలం కాబట్టి పక్షులు గుంపులుగా ఉన్నాయి. మధ్యాహ్నపు ఎండలో నీళ్లకి ఏ రంగూ లేదు, బూడిదా కాదు, నీలమూ కాదు. సిరా పిచ్చివాడికి ఇలాంటి చోట కొంచెం ఇబ్బంది, ఏది చూసినా దీన్ని సీసాలో పోస్తే ఏం పేరు పెట్టాలా అనిపిస్తుంది. జపాన్‌లో కోబె నగరంలో ఒక పాత స్టేషనరీ కొట్టువాళ్లు నిజంగా అదే పని చేశారు. తమ ఊళ్లోని కొండలకీ వీధులకీ రేవుకీ ఒక్కో సిరా చేసి అమ్ముతున్నారు. మన గోదావరికి జులైలో ఒక సిరా, మాఘంలో ఒక సిరా చెయ్యచ్చు. ఎవరైనా పూనుకుంటే బాగుండు.

ఎదురు సీట్లో ఒక పెద్దాయన. నేను ఖాళీ పెన్ను విప్పి తుడుస్తుంటే చాలాసేపు చూసి, "ఏటి బాబూ, పెన్ను బాగుచేస్తన్నారేటి?" అన్నారు. ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన శ్రీకాకుళం కుటుంబం. రైల్వే పనికి తాతల నాడు వెళ్లినవాళ్లు. ఆ ఊళ్లో తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారని విన్నాను గానీ, ఇలా ఎదురుపడటం ఇదే. "మా ఆఫీసులో పెద్దదొర పచ్చ ఇంకుతో సంతకం పెడితేగానీ కాగితం కదిలేది కాదు బాబూ. ఆ సీసా ఆయన సొరుగులోనే ఉండేది. తాళం!" అని నవ్వారు. కొట్లో కొన్నప్పుడు పరీక్షకి ఇచ్చిన నీలం సిరా సీసా సంచిలో ఉంది. నియమం పక్కన పెట్టి పాళీని అందులో ముంచి ఇచ్చాను. ఆయన నా పుస్తకంలో తన పేరు తెలుగులో రాశారు. ఒక్కో అక్షరం దగ్గరా ఆగి, గుడికీ దీర్ఘానికీ ఆలోచించి రాశారు. ఆ పక్కనే బెంగాలీలో రాసినప్పుడు చెయ్యి పరిగెత్తింది. "పిల్లలకి తెలుగు మాట వచ్చు, రాత రాదు" అన్నారు. ఇద్దరం కాసేపు ఆ రెండు సంతకాలూ చూశాం. బెంగాలీ అక్షరాలు గీతకి వేలాడతాయి, పదం అంతా రాశాక నెత్తిన ఒక్క లాగు లాగుతారు. కోణాలెక్కువ. ఒకే పాళీ, ఒకే సిరా, ఒకే చెయ్యి. తెలుగు దగ్గర నల్లగా, చిక్కగా పడిన సిరా, బెంగాలీ దగ్గర పలచగా సాగింది. వేగం అంత తేడా చేస్తుంది. రాత నిదానమైతే సిరా ఎక్కువ దిగుతుంది.

ఖరగ్‌పూర్‌లో దిగుతూ ఆయన తన డబ్బాలోని చేగోడీలు సగం నాకు వదిలేసి వెళ్లారు.

కలకత్తాలో అడుగుపెట్టేసరికి సరస్వతీ పూజ హడావుడి. వసంత పంచమి మనకీ ఉంది. బాసరకి వెళ్లి పిల్లల చేత పలక మీద ఓం నమః రాయిస్తాం. కానీ ఇక్కడ అది వీధి పండుగ, బడి పండుగ, కుర్రకారు పండుగ. కుమార్‌టులిలో బంకమట్టి సరస్వతులు వరసలు కట్టి నిలబడ్డాయి, కొన్నింటికి ఇంకా కళ్లు దిద్దలేదు. పంచమినాడు పొద్దున్నే పసుపుచీరల్లో ఆడపిల్లలు, పైజమా లాల్చీల్లో మగపిల్లలు. నేను దిగిన వీధి పందిట్లో అమ్మవారి పాదాల దగ్గర పుస్తకాలు, హార్మోనియం, లెక్కల గైడు, ఎవరిదో ల్యాప్‌టాప్. వాటి ముందు చిన్న చిన్న మట్టి దవాతులు, వాటిలో సిరాకి బదులు పాలు, పక్కన రెల్లు కలాలు. పాలలో ముంచి రెల్లు కలంతో రాసే ఆచారం అది. ఆ రోజు పూజ అయ్యేదాకా పిల్లలు పుస్తకం ముట్టుకోరు. ముట్టుకోకూడదన్న నియమాన్ని ఇంత శ్రద్ధగా పాటించే పిల్లల్ని నేనెక్కడా చూడలేదు. ఇంకో నియమం కూడా చెప్పారు. పూజకి ముందు రేగుపళ్లు తినకూడదట, తింటే పరీక్ష పోతుందట. మనం భోగినాడు ఆ పళ్లనే పిల్లల నెత్తిన పోస్తాం!

పందిట్లో ఒక పెద్దావిడ పిలిచి కిచిడీ, కూరగాయల లాబ్రా, రేగుపళ్ల చట్నీ ఆకులో పెట్టింది. ఎవరు, ఏ ఊరు అని అడగలేదు. రాజమండ్రిలో ముందు ఊరు అడిగి తర్వాత పెడతారు. ఇక్కడ పెట్టేశాక అడుగుతారు. ఆంధ్రా అనగానే పక్కనున్న ఆయన, "మీ గోదావరిలోనూ ఇలిష్ దొరుకుతుంది కదా?" అన్నాడు. మన పులస, వాళ్ల ఇలిష్ ఒకే చేప. "దొరకడమా? దాన్ని తినడానికి పుస్తెలైనా అమ్ముకోవచ్చంటారు మావాళ్లు" అన్నాను. ఆయన మర్యాదగా తల ఊపాడు గానీ, పద్మానది చేప ముందు ఇంకేదీ నిలబడదన్నది ఆయన ముఖంలోనే ఉంది. మాఘం ఇద్దరికీ ఆ చేప కాలం కాదు కాబట్టి తగువు పెరగలేదు. ఖర్జూరపు నీరా కాచిన కొత్త బెల్లంతో చేసిన సొందేశ్ తెప్పించి పెట్టాడు. చలికాలంలో మాత్రమే దొరికే బెల్లం అది. మన తాటిబెల్లానికి పొగ వాసన ఉంటుంది, దీనికి పూల వాసన. ఈ విషయంలో మాత్రం నేను వాళ్ల పక్షం.

జాదవ్‌పూర్ వైపు వెళ్లే బస్సులో కండక్టరు "సులేఖా, సులేఖా" అని అరుస్తుంటే వింతగా ఉంటుంది. సిరా కంపెనీ పేరు మీద ఒక కూడలి, ఒక బస్‌స్టాపు! ఫ్యాక్టరీ మూతపడిన రోజుల్లో కూడా ఆ కూడలి పేరు మారలేదు. సులేఖా కథ 1934లో రాజ్‌షాహీలో మొదలవుతుంది. అది ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. విదేశీ సిరా వాడటం గాంధీజీకి ఇష్టంలేదు. బెంగాల్ కెమికల్స్‌లో పనిచేసిన రసాయన శాస్త్రజ్ఞుడు సతీశ్‌చంద్ర దాస్‌గుప్తా స్వదేశీ సిరాకి దారి చూపితే, స్వాతంత్ర్యోద్యమంలో ఉన్న ననీగోపాల్, శంకరాచార్య మైత్రా అన్నదమ్ములు దాన్ని వ్యాపారంగా నిలబెట్టారు. తర్వాత కలకత్తాకి తరలివచ్చారు. కొన్ని దశాబ్దాలు తూర్పు భారతంలో పరీక్షలు రాసినవాళ్లలో చాలామంది ఆ సిరాతోనే రాశారు. 1980ల చివర్లో ఫ్యాక్టరీ మూతపడింది. 2006లో తెరిచారు గానీ, సిరా మళ్లీ బజారులోకి వచ్చింది 2020లో, అదీ లాక్‌డౌన్ కాలంలో, జనం ఇళ్లలో కూర్చుని పాత పెన్నులు వెతుక్కుంటున్నప్పుడు. అమ్ముడుపోవాలంటే అవసరం ఉండాలని వ్యాపార పుస్తకాలు చెబుతాయి. ఈ సిరాకి అవసరం ఉన్నన్నాళ్లూ అమ్ముడుపోయి, అవసరం తీరాక మూతపడి, ఏ అవసరమూ లేనప్పుడు మళ్లీ పుట్టింది.

నీలం సీసా ఒకటి కొని, ఆ కూడలిలోనే ఒక టీకొట్టు బల్ల మీద పెన్ను విప్పాను. ఫిల్లర్‌తో సిరా పీల్చి, పొట్ట అంచుకి తగలకుండా పోసి, మరలకి రవ్వంత సిలికాన్ గ్రీజు రాసి బిగించాను. మట్టి కప్పులో టీ తెచ్చిన కుర్రాడు, ఆ పక్కన పేపరు చదువుతున్న ఇద్దరు, ఇస్త్రీబండి అతను చుట్టూ చేరారు. కలకత్తాలో నలుగురి ముందు ఏ పని చేసినా సలహాలు వస్తాయి. ఒకాయన, ముందు పాళీని కిందికి పెట్టి కాసేపు ఆగమన్నాడు. సరైన మాట. సిరా నాలుక గాట్లన్నీ తడిపి కొనకి చేరడానికి టైము పడుతుంది. ఆగి, పుస్తకంలో 'గోదావరి' అని రాశాను. మొదట పలచటి నీలం, 'వ' వంపులో చిక్కబడి, 'రి' గుడి దగ్గర మళ్లీ పలచన. సిరా ప్రియులు ఈ నీడల కోసమే ప్రాణం పెడతారు. బాల్‌పెన్ను గీత మొదట్నుంచి చివరిదాకా ఒకే రంగు. "నేనూ ఒకటి" అని పేపరాయన చెయ్యి చాపాడు. ఆయన తర్వాత ఇస్త్రీ అతను. నా పుస్తకంలో ఆ పేజీ ఇప్పుడు బెంగాలీ సంతకాలతో నిండి ఉంది.

సిరా గురించి ఒక చిన్న మాట. మామూలు నీలం సిరా అంటే నీళ్లలో కరిగిన రంగు. ఎండ తగిలితే వెలుస్తుంది, నీళ్లు పడితే పోతుంది. దస్తావేజులకి ఐరోపాలో వందల ఏళ్లు వాడిన సిరా వేరు. మాచికాయలోని వగరు పదార్థం, ఇనుప లవణం కలిస్తే వచ్చేది. రాసినప్పుడు లేతగా ఉండి, గాలి తగిలిన కొద్దీ నల్లబడి కాగితంలోకి దిగిపోతుంది. ఇది మనకి కొత్త కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు గుడ్డని కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టి, తుప్పు ఇనుము, బెల్లం నానబెట్టిన నీళ్లలో వెదురు కలం ముంచి గీస్తారు. గీత పడగానే నలుపు. అదే రసాయనం. మన దగ్గర అది గుడ్డ మీద బొమ్మయింది, అక్కడ కాగితం మీద దస్తావేజయింది.

ఎస్ప్లనేడ్‌లో మెట్రో స్టేషను దగ్గర పెన్ హాస్పిటల్ ఉంది. పేరు చూసి నవ్వుకుని లోపలికి వెళితే, నవ్వడానికేమీ లేదు. గది చిన్నది. అలమరల్లో పాత పార్కర్లు, షీఫర్లు, మన విల్సన్లు. నా ముందున్న ఆవిడ పర్సులోంచి రుమాలులో చుట్టిన పెన్ను తీసింది, తండ్రిదట. ఎండిన సిరా గడ్డకట్టి పాళీ బిగిసిపోయింది. బల్ల వెనకాయన దాన్ని విప్పలేదు. ముందు నీళ్లలో నానబెట్టాడు. తర్వాత వేళ్లతో అటూ ఇటూ కొద్దికొద్దిగా కదిపాడు. ఊడిరాగానే కాగితమంత పల్చటి ఇత్తడి రేకు పాళీ చీలికలోకి దూర్చి ఒక్కసారి లాగాడు. నీలపు పొడి రాలింది. దవాతులో ముంచి, ఆవిడకిచ్చాడు. ఆవిడ తన పేరు రాయలేదు, తండ్రి సంతకం వెయ్యడానికి ప్రయత్నించింది. నా పెన్ను తీసుకుని ఆయన ఒక గీత గీసి, పాళీ వాసన చూసి, "ఎబొనైట్" అని మాత్రం అని తిరిగి ఇచ్చేశాడు. నాకు అది సర్టిఫికెట్టులా అనిపించింది.

ఖరీదైన పెన్నులు కొని అద్దాల పెట్టెలో పెట్టుకునేవాళ్లని ఈ మధ్య చాలామందిని చూస్తున్నాను. వాళ్ల ఇష్టం వాళ్లది. నాకు మాత్రం ఆ పెట్టెలు చూస్తే జాలి కలుగుతుంది. సిరా పెన్ను పాళీ కొన, రాసేవాడి చేతివాలుకి తగ్గట్టు నెమ్మదిగా అరుగుతుంది. అరగని పెన్ను ఎవరిదీ కాదు. కోటగుమ్మంలో మరలు తీసిన మనిషి, ఎస్ప్లనేడ్‌లో రేకు దూర్చిన మనిషి ఇద్దరూ ఒకే సంగతి నమ్మినవాళ్లు: విప్పగలిగిన వస్తువు బాగవుతుంది. ఇంట్లో ఇప్పుడు మనం విప్పగలిగిన వస్తువులు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి చూడండి.

మీ ఇంట్లో కూడా ఏదో సొరుగులో, నాన్నగారిదో మేనమామదో, ఎండిపోయిన సిరా పెన్ను ఒకటి పడి ఉండే ఉంటుంది. తియ్యండి. మామూలు చల్లటి నీళ్లలో పాళీ భాగాన్ని రాత్రంతా నాననివ్వండి, రంగు దిగుతున్నంతసేపూ నీళ్లు మారుస్తుండండి. మామూలు సిరా అయితే ఎన్నేళ్లదైనా దిగుతుంది. పాత పెన్ను దేనితో చేశారో తెలియకపోతే వేడినీళ్ల జోలికి పోకండి, ప్లాస్టిక్‌వి వంకర తిరుగుతాయి. ఆరాక ఫౌంటెన్ పెన్ సిరా అని రాసి ఉన్న సీసాలోదే పొయ్యండి. బొమ్మలు వేసేవాళ్లు వాడే ఇండియన్ ఇంకు మాత్రం పొయ్యకండి. అందులో మసి, లక్క ఉంటాయి, ఒకసారి లోపల ఆరితే ఆ పెన్నుని కలకత్తా ఆసుపత్రి కూడా బతికించలేదు.